గట్టు లోపల, గట్టు బయట: కోనసీమ లంక గ్రామాలు

అధ్యక్షులవారికి, వేదికపైనున్న పెద్దలకు, సభకు విచ్చేసిన మిత్రులకు నమస్కారం.

కోనసీమ గురించి మాట్లాడమంటే వినేవారు ఏమేమి ఆశిస్తారో నాకు తెలుసు. కొబ్బరితోటలు, మండువా లోగిళ్లు, ఆత్రేయపురం పూతరేకులు, శ్రావణంలో పులస పులుసు. వాటిలో అబద్ధమేమీ లేదు, పైగా పులుసు గురించి మాట్లాడమంటే నాకు గంట సమయం చాలదు. అయితే ముప్పై ఏళ్లు భూగోళశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి కనుక ఈరోజు ఫొటోల్లోకి రాని కోనసీమ గురించి, అంటే ఏటిగట్టుకు బయట, నదీగర్భంలోనే ఉన్న లంక గ్రామాల గురించి చెప్పాలనుకుంటున్నాను. గట్టు లోపలి ఊళ్లను కూడా ప్రస్తావిస్తాను. ఒకదాన్ని వదిలేసి రెండోదాన్ని అర్థం చేసుకోవడం కుదరదు.

మ్యాపులో కోనసీమ త్రికోణంగా కనిపిస్తుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి తూర్పున గౌతమిగా, పడమట వశిష్ఠగా చీలుతుంది. ఆ పాయలు రెండు భుజాలైతే బంగాళాఖాతం మూడో భుజం. వశిష్ఠ నుంచి పి.గన్నవరం దగ్గర వైనతేయ విడిపోయి ఆ త్రికోణాన్ని మళ్లీ రెండు ముక్కలు చేస్తుంది. పురాణాలు చెప్పే సప్తగోదావరుల్లో ఒకటైన కౌశిక ఈనాడు చూడబోతే పొలాల మధ్య పారే చిన్న కాలువ. దాని సంగతి తర్వాత వస్తుంది. ఈ నేలంతా నది తెచ్చి పోసిన ఒండ్రు. సహ్యాద్రి దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి వచ్చిన నది సముద్రం దగ్గరయ్యేసరికి వేగం తగ్గి, మోసుకొచ్చిన మట్టిని ఇక మోయలేక ఎక్కడికక్కడ దించేస్తుంది. అలా దించిన మట్టి పాయ మధ్యలో తేలితే దాన్ని లంక అంటాము. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక దిబ్బగా తేలితే తిప్ప అంటాము. పోటు నీటికి ఉప్పెక్కిన పల్లపు నేల పర్ర. ఊరి పేరు చివర ఈ మాటల్లో ఏది ఉందో చూస్తే ఆ ఊరు ఒకప్పుడు ఎలాంటి నేల మీద మొదలైందో చాలావరకు ఊహించవచ్చు. ఇప్పుడు గట్టు లోపల ఏ భయమూ లేకుండా ఉన్న వక్కలంక, బండారులంక వంటి ఊళ్లు కూడా తమ పేరులో ఆ పాత సంగతిని దాచుకున్నాయి.

కోనసీమను ఇప్పుడున్న రూపానికి తెచ్చినవి రెండు నిర్మాణాలు. ఒకటి అందరికీ తెలిసిన ఆనకట్ట. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేయించాడు. మధ్య డెల్టా కాలువలు బొబ్బర్లంక దగ్గర మొదలై త్రికోణమంతటా పారతాయి. రెండోది ఏటిగట్టు. దానికి విగ్రహాలు లేవు, జయంతులూ లేవు. పాయల వెంట కిలోమీటర్ల పొడవున సాగే ఆ మట్టికట్ట లేకపోతే కాలువలు ఉండీ ప్రయోజనం లేదు, ఏటేటా వచ్చే వరద పంటను తుడిచిపెట్టేస్తుంది. గట్టు వేయడమంటే ఒక గీత గీయడమే. ఆ గీతకు లోపల కాలువ నీరు, శాశ్వత పట్టా, సార్వా దాళ్వా పంటలు అంటే వానాకాలపు, వేసవి వరి పంటలు, కొబ్బరి. బయట నది. ఆ బయట కూడా మనుషులు ఉంటున్నారు. భూమిలేని కూలి కుటుంబాలు, మత్స్యకారులు, లోపల సెంటు భూమి కొనలేక బయట ఎకరం కౌలుకు చేసుకునే చిన్న రైతులు. గట్టు ఎక్కి నిలబడితే ఎడమచేతి పక్క ఒక ఆర్థిక వ్యవస్థ, కుడిచేతి పక్క ఇంకొక ఆర్థిక వ్యవస్థ కనిపించే చోటు మన రాష్ట్రంలో మరెక్కడా నేను చూడలేదు.

నా విద్యార్థులకు ఏటా ఒక పని ఇచ్చేవాణ్ణి. మీ ఊరి పటం గీసుకు రమ్మనేవాణ్ణి. గట్టు లోపలి పిల్లలు ముందు రోడ్డు గీసి, దాని పక్కన గుడి, బడి, చెరువు పెట్టేవారు. లంక పిల్లలు ముందు రేవు గీసేవారు. రేవు నుంచి ఇంటికి దారి, ఇంటి నుంచి గట్టు మీదికి దారి. ఒక ఏడాది ఒక పిల్లవాడు ఊరి దక్షిణపు అంచును పెన్సిలుతో పలచగా గీసి, మిగతాదంతా పెన్నుతో గీశాడు. ఎందుకని అడిగితే, అది మళ్లీ మారుతుంది కదండీ అన్నాడు. పటం గీయడం గురించి నాకు అంతవరకు తట్టని మాట ఆ అబ్బాయి చెప్పాడు. లంక ఊళ్లో నేల స్థిరాస్తి కాదు. అక్కడి సాగు, కౌలు, ఇల్లు, పడవ, చివరికి పండుగ కూడా నేల కదులుతుందన్న ఎరుక మీద నడుస్తాయి. బయటి నుంచి వచ్చే సర్వే, రుణం, బీమా, పథకం మాత్రం నేల కదలదన్న నమ్మకంతో వస్తాయి. లంక రైతు కష్టాల్లో సగానికి సగం ఈ రెండింటి మధ్య పొసగకపోవడం వల్ల వచ్చినవేనని నా అభిప్రాయం.

ముందు వరద సంగతి చూద్దాం. జూలై మొదలు కాగానే లంకల్లో పలకరింపు మారిపోతుంది. భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులుంది అన్నది మొదటి ప్రశ్న అవుతుంది. అక్కడ 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలు ఇస్తారు. ఆ నీరు ధవళేశ్వరం చేరాక 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర మళ్లీ మూడు హెచ్చరికలు. టీవీలో ఈ అంకెలు వింటున్న ఊరివారికి అవి వార్త. లంకవారికి అవి పని పట్టిక. ఏ అంకె దగ్గర పశువులను గట్టు మీదికి తోలాలో, ఏ అంకె దగ్గర బియ్యం, పుస్తకాలు, గ్యాస్ బండ అటక ఎక్కించాలో, ఏ అంకె దగ్గర ఇల్లు వదలాలో ఎవరికి వారు తమ ఇంటి మెరకను బట్టి లెక్క కట్టుకుని ఉంటారు. పక్కపక్క ఇళ్లకే ఆ లెక్క వేరుగా ఉంటుంది. పి.గన్నవరం ప్రాంతంలోని ఊడిమూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేట, జి.పెదపూడిలంక వారికైతే మొదటి హెచ్చరిక వచ్చే సరికే పాయకు అడ్డంగా వేసుకున్న తాత్కాలిక దారి తెగిపోయి, రాకపోకలన్నీ పడవ మీదికి మారి ఉంటాయి. బడి పిల్లలు, పాలవారు, గర్భిణులు, కూరగాయల బస్తాలు అన్నీ ఆ పడవలోనే.

పెద్ద వరదలను వారు సంవత్సరాలతో గుర్తుపెట్టుకుంటారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి వెళ్లాయి. అనేక చోట్ల గట్లు తెగాయి, గట్టు లోపల ఉన్నామన్న ధీమా ఆ ఏడాది చాలామందికి పోయింది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర మళ్లీ 71 అడుగులు దాటింది. అది ఆగస్టులోనో సెప్టెంబరులోనో రావలసిన స్థాయి వరద. జూలై మధ్యలోనే రావడంతో లంకల్లో చేతికి రావలసిన అరటి, కూరగాయ తోటలు రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయాయి. అరటి మొక్క నీటిలో రెండు మూడు రోజులు ఓర్చుకుంటుంది. వారం నిలిచిందంటే దుంప కుళ్లుతుంది.

వరదంటే నష్టమే అనుకోవడం మాత్రం లంక లెక్క కాదు. నీరు లాగిన తర్వాత పొలంలో ఏమి మిగిలిందన్నదే అసలు ప్రశ్న. మెత్తని ఒండ్రు మిగిలితే ఆ ఏడాది ఎరువు ఖర్చు సగం తప్పినట్టే. ఇసుక మేట వేస్తే ఆ నేలచెక్క కొన్నేళ్లపాటు పనికిరాదు. ఒకే వరద ఒకే రాత్రి ఒక రైతుకు ఒండ్రు ఇచ్చి, పక్క రైతుకు ఇసుక ఇచ్చి, మూడో రైతు పొలాన్ని కోసుకుపోయి నాలుగు మైళ్ల దిగువన మరో లంకకు అతికించగలదు. అందుకే అక్టోబరులో నీరు తగ్గాక లంక రైతు ముందు చూసేది గట్టు వెంట నేల రంగు, తేమ. ఆ తేమతోనే శీతాకాలపు పంటలు వేస్తారు. బీర, దొండ, వంగ, మిరప, కంద, పసుపు, మొక్కజొన్న. ఒకప్పుడు చుట్టలకు వాడే లంక పొగాకుకు గోదావరి లంకలే పేరు. చుట్ట కాల్చేవారు తగ్గారు, ఆ సాగూ తగ్గింది. ఏ పంట వేసినా మళ్లీ వరద ఎర్రనీరు రాకముందే ఇంటికి చేరాలన్నది ఒక్కటే నియమం. అరటి ఏడాది పంట కనుక లంకలో అరటి వేయడమంటే నదితో పందెం కాసినట్టే. అయినా వేస్తారు, ఎందుకంటే రావులపాలెం మార్కెట్టు దగ్గరే ఉంది, గెల మంచి ధర పలికిన ఏడాది మూడేళ్ల అప్పు తీరుతుంది.

ఇక కౌలు సంగతి. లంకభూమికి రెవెన్యూ లెక్కల్లో వేరే పద్దు ఉంటుంది. కొత్తగా తేలిన లంక ప్రభుత్వానిది. నది కోతకు ఎంత లోబడి ఉందో చూసి తరగతులుగా విడదీసి, కౌలుకిస్తారు. వ్యవసాయ కూలీల సహకార సంఘాలకు లంకలను కౌలుకిచ్చిన చరిత్ర కూడా గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఉంది. దళిత కుటుంబాలు సొంతంగా సాగులోకి రావడానికి తొలి అవకాశం కొన్ని చోట్ల ఆ విధంగానే కలిగింది. కానీ కౌలు కాగితంలో రాసిన విస్తీర్ణం, నీరు తగ్గాక కనబడే విస్తీర్ణం ఒకటి కావు. నేల కోతకు పోయినవాడు ఎదురుగా అవతలి ఒడ్డున మేటవేసిన నేల తనదంటాడు, అక్కడివారు తమదంటారు. ఈ తగవులు పోలీసుస్టేషను దాకా వెళ్లినవి ఉన్నాయి. ఊరి పెద్దలు తాడు వేసి కొలిచి, ఇంత మీకు ఇంత వారికి అని తేల్చినవి అంతకన్నా ఎక్కువే ఉంటాయి. ఏటేటా కొత్తగా కొలుచుకునే ఆ పద్ధతి చట్టంలో లేదు. లంక తీరుకు మాత్రం అదే సరిపోతుంది.

గట్టు లోపలికి వద్దాం. ఇక్కడ కొబ్బరి రాజు. అంబాజీపేట మార్కెట్టు ధర ఉదయం తెలియందే చాలా ఇళ్లలో కాఫీ రుచించదు. సుమారు నలభై అయిదు రోజులకు ఒకసారి దింపు తీస్తారు. దింపు కార్మికుడు చెట్టెక్కి గెలలు కోస్తే, ఒలుపు కార్మికుడు గునపం మీద డొక్క ఒలుస్తాడు. డొక్క పీచు పరిశ్రమకు, మట్ట పందిరికి, ఈనె చీపురుకు, చిప్ప పొయ్యిలోకి. వీటన్నింటిలో నాకు అబ్బురమనిపించేది కురిడీ. ముదురు కాయలను అటక మీద నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి దగ్గరగా, కదిలించకుండా ఉంచుతారు. లోపలి నీరు మెల్లగా ఇంకి, కొబ్బరి చిప్పను వదిలి గుండ్రంగా గలగలలాడుతుంది. అప్పుడు చిప్ప పగలగొట్టి గుండును చెక్కుచెదరకుండా తీసి ఉత్తరాది మార్కెట్లకు పంపుతారు. ధర లేనప్పుడు పచ్చికాయ అమ్మకుండా అటక ఎక్కించడం రైతుకు పొదుపు ఖాతా వంటిది. వడ్డీ వస్తుందో అసలు పోతుందో మాత్రం ఆ ఏడాది దసరా, దీపావళి గిరాకీ చెప్పాలి.

ఈ రాజుకూ గండాలు తక్కువేమీ కాదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీదుగా పోయినప్పుడు వెయ్యిమందికి పైగా చనిపోయారు. మొగల దగ్గరి మత్స్యకార గ్రామాలు అన్నింటికన్నా ఎక్కువ నష్టపోయాయి. తెల్లవారి చూస్తే కొబ్బరిచెట్లు ఒకే దిక్కుకు తలలు పెట్టి పడుకుని ఉన్నాయి. దేశవాళీ పొడవు రకం మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది కనుక ఆ ఒక్క రాత్రి నష్టం ఆరేడేళ్ల నష్టమైంది. కొత్త తోటలు కాపుకొచ్చేసరికి కాయను పాడుచేసే ఎరియోఫిడ్ నల్లి అనే పురుగు వచ్చింది. అది తగ్గుముఖం పట్టాక సర్పలాకార తెల్లదోమ వచ్చింది. వరి పరిస్థితి ఇంకొక రకం. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టారు. కూలి ఖర్చుకు, మద్దతు ధరకు పొంతన లేకపోవడం అందరూ చెప్పిన కారణం. మురుగుకాలువలు పూడిపోయి, వానాకాలం నీరు సముద్రంలోకి పోలేక చేలల్లోనే నిలిచిపోవడం అంతగా ఎవరూ చెప్పని కారణం. నీరు తెచ్చే కాలువకు ఉన్న గౌరవం నీరు తీసుకుపోయే కాలువకు లేదు. కాటన్ పేరు తలవని రాజకీయ సభ మా వైపు ఉండదు, మురుగుకాలువ పేరు తలిచిన సభ నేను ఒక్కటీ వినలేదు.

ఇప్పుడు కౌశిక సంగతి. కనుమ నాడు మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. ప్రభ అంటే ఊరి దేవుణ్ణి ఉంచి ఊరేగించే ఎత్తయిన అలంకృత చట్రం. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో రాష్ట్ర శకటంగా వెళ్లాక దేశమంతటికీ కొంత తెలిసింది. శకటం మీద ప్రభ అందంగానే ఉంటుంది, అయితే ప్రభ అసలు విశేషం దాని నడకలో ఉంది. జగ్గన్నతోటలో గుడి లేదు, గోపురం లేదు. అది ఒట్టి కొబ్బరితోట. చుట్టుపట్ల పదకొండు ఊళ్ల శివులు ఏకాదశ రుద్రులుగా ఆ రోజు అక్కడ కలుసుకుంటారు. వ్యాఘ్రేశ్వరం, కె.పెదపూడి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, మొసలపల్లి, పాలగుమ్మి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, పుల్లేటికుర్రు. మొసలపల్లి భోగేశ్వరుడు ఆతిథ్యమిచ్చేవాడు, అందుకని ముందుగా చేరి అందరూ వెళ్లాకే వెళతాడు. వ్యాఘ్రేశ్వరుడు పెద్ద. ఆయన ప్రభ తోటలోకి అడుగుపెట్టగానే అంతకుముందు వచ్చి కూర్చున్న ప్రభలన్నింటినీ ఒకసారి పైకెత్తుతారు. పెద్దలు వస్తే లేచి నిలబడడమన్నమాట. మన మర్యాదను దేవుళ్లకు కూడా నేర్పిన ఊళ్లు అవి.

ప్రభను వెదురు, కర్ర దూలాలతో అర్ధచంద్రాకారంగా కట్టి, రంగు బట్టలతో, నూలు దారాలతో, నెమలి ఈకలతో అలంకరిస్తారు. దాన్ని బండి మీద లాగరు, మనుషులే భుజాల మీద మోస్తారు. దారి వెంట పోరు కూడా. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశికలోకి దిగి, మోసేవారికి పీకల లోతు నీరున్నా, శరభ శరభ అని కేకలు వేస్తూ అవతలి ఒడ్డుకు ఎక్కుతాయి. అక్కడి నుంచి అప్పుడే నాట్లు పడిన దాళ్వా చేల మీదుగా తొక్కుకుంటూ పోతాయి. చేను తొక్కారని ఏ రైతూ తగవు పెట్టుకోడు, తొక్కించుకోవడం శుభమంటాడు. నేను దీన్ని భూగోళ పాఠంగా చూస్తాను. కౌశిక ఒకప్పుడు నది. కాలువలు వచ్చి, గట్లు వచ్చి, అది సన్నబడింది. ఆ నదిని దాటడమనే పని మాత్రం ఊళ్లు మానలేదు, వంతెన పక్కనే ఉన్నా నీళ్లలోకే దిగుతున్నాయి. చేలు, గట్లు, సరిహద్దు రాళ్లు రాకముందు ఆ దారి ఎలా ఉండేదో అలాగే ఏడాదికి ఒక్కరోజు నడుస్తాయి. మిగతా 364 రోజులు గెనెం మీద, అంటే పొలం గట్టు మీద, జానెడు జరిగితే కోర్టుకెళ్లే మనుషులు ఆ ఒక్కరోజు గెనేలు లేవన్నట్టు ఉంటారు. లంకలవారు తాడు వేసి నేల పంచుకోవడం, గట్టు లోపలివారు కనుమ నాడు చేను తొక్కించుకోవడం నాకు ఒకే ఎరుకకు రెండు రూపాలుగా కనిపిస్తాయి.

ఆ పక్కనే చెప్పవలసిన పేరు డొక్కా సీతమ్మగారిది. లంకల గన్నవరంలో పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన తల్లి. 1841లో పుట్టి 1909లో కాలం చేశారు. ఆమె దానగుణం గురించి అందరూ చెబుతారు. ఆ ఇల్లు ఎక్కడుందో కూడా చూడాలి. రేవు దాటే ఊరిలో వరద వల్లనో, చీకటి పడడం వల్లనో ఆగిపోయిన మనిషి ఎప్పుడూ ఉంటాడు, ఆ మనిషికి అన్నం పెట్టేవారు ఉంటే తప్ప ఆ దారి నడవదు. ఆనకట్ట కాలంలోనే కాలువ నీటిని వైనతేయ మీదుగా అవతలి నేలకు చేర్చడానికి పి.గన్నవరం దగ్గర 49 ఆర్చీల అక్విడక్టు కట్టారు. పాయ మీద పాయ నడిచినట్టు ఉండేది. 2000 సంవత్సరంలో దాని పక్కన కట్టిన కొత్తదానికి సీతమ్మగారి పేరు పెట్టారు. నీరు దాటించే కట్టడానికి, దాటేవారికి అన్నం పెట్టిన మనిషి పేరు పెట్టడం మన ప్రభుత్వాలు చేసిన నామకరణాల్లో సబబైనది.

చేతిపనుల గురించి రెండు మాటలు. బండారులంకలో, పుల్లేటికుర్రులో మగ్గాలున్నాయి, తగ్గుతున్నాయి. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పలచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డ పరిచి, క్షణంలో కాగితం లాంటి రేకు తీసే ఆడవాళ్ల నైపుణ్యానికి 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అయితే ఈ ముప్పై ఏళ్లలో కోనసీమ ఇళ్లను మార్చింది మగ్గమూ కాదు, రేకూ కాదు, గల్ఫ్ డబ్బు. ఆ దేశాల్లో ఇంటిపనికి వెళ్లిన మా ప్రాంతపు ఆడవాళ్ల సంపాదనతో పాకలు డాబాలయ్యాయి. లంకల్లో ఆ డాబాకు ఇంకో అర్థం ఉంది. వరదప్పుడు ఎక్కి కూర్చోవడానికి ఒక కప్పు. లంకలో మేడ కట్టడం దర్జా కోసమని అనుకునేవారు ఒకసారి జూలైలో రావాలి.

ఇక నేల ఎటు పోతోందన్న విషయం. ఎగువన నది పొడవునా రిజర్వాయర్లు కట్టుకున్నాం. నీటితోపాటు ఒండ్రు కూడా అక్కడే ఆగిపోతుంది. పైనుంచి మట్టి రాకపోతే కోత మిగులుతుంది, మేట తగ్గుతుంది. పాయల్లో ఇసుక తవ్వకం దానికి తోడు. అంతర్వేది దగ్గర సముద్రం ముందుకు వస్తున్నదని అక్కడివారు చూపించే చోట్లు నేను చూశాను. పూర్వం లంక రైతు నేల పోతే మరో చోట తేలుతుందన్న లెక్కతో బతికాడు. పోయింది తేలకపోతే ఆ లెక్క తప్పుతుంది, తాడు వేసి పంచుకోవడానికి కొత్త నేల ఉండదు.

వంతెనల విషయం కూడా చెప్పి ముగిస్తాను. గౌతమి మీద యానాం, ఎదుర్లంకల మధ్య 2002లో వంతెన వచ్చింది. వైనతేయ మీద బోడసకుర్రు దగ్గర వచ్చింది. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య జనం పంటు, అంటే మనుషులను, బండ్లను దాటించే పెద్ద పడవ మీదనే దాటుతున్నారు. లంకల్లో వంతెన కావాలా అని అడగడమే తప్పు, కాన్పు నొప్పులతో పడవ ఎక్కిన తల్లిని చూసినవారెవరూ ఆ ప్రశ్న వేయరు. అయితే వంతెన వచ్చిన చోట నేల ధర పెరుగుతుంది. అప్పటిదాకా ఎవరికీ అక్కర్లేని లంకచెక్కకు బయటి నుంచి కొనేవారు వస్తారు, కౌలు పెరుగుతుంది, నోటిమాట మీద తరతరాలుగా సాగుచేసిన కుటుంబం చేతిలో కాగితం ఉండదు. వంతెనకు శంకుస్థాపన జరిగిన రోజునుంచే సాగుదారుల పేర్లు నమోదు చేయడం మొదలుపెట్టాలని, అదీ నీరు పూర్తిగా తగ్గిన ఫిబ్రవరి, మార్చి నెలల్లో నేల మీద నిలబడి చేయాలని నేను కోరుతున్నాను. ఆగస్టులో ఆఫీసులో కూర్చుని చేస్తే ఆ నేల నీటి కిందే ఉంటుంది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. మీకు సందేహాలుంటే అడగండి. పులస గురించి అడిగినా చెబుతాను.